"ఫోన్ కట్ అయింది": ట్రీట్‌మెంట్ సెంటర్‌లో పనిచేసి బయటికొచ్చిన ఒక మాజీ స్టాఫ్ కేసు

నేను అమెరికాలో థెరపిస్ట్‌ని, ఈ కేసు ఇక్కడిదే. క్లయింట్ చదివి ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టేలా ఉండే వివరాలు మార్చాను, ఊరు రాష్ట్రం ఫెసిలిటీ పేరు ఏదీ చెప్పను. ఆయన్ని ఆర్ అంటాను. నా దగ్గరికి వచ్చేనాటికి 29 ఏళ్లు, చిన్నప్పుడే అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చేసిన తెలుగబ్బాయి, సైకాలజీలో డిగ్రీ అయ్యాక 22 ఏళ్లకి టీనేజర్ల రెసిడెన్షియల్ ట్రీట్‌మెంట్ సెంటర్‌లో డైరెక్ట్ కేర్ స్టాఫ్‌గా (పిల్లల్ని దగ్గరుండి చూసుకునే పని) చేరి 20 నెలలు చేశాడు. తర్వాత ఫీల్డ్ మొత్తం వదిలేసి ఒక గోడౌన్ కంపెనీలో షెడ్యూలింగ్ పనికి వెళ్లిపోయాడు. మాస్టర్స్ చేద్దామనుకున్న మనిషి, అప్లికేషన్ కూడా పూర్తి చేయలేదు.

నాకు వచ్చిన ఇంటేక్ ఫామ్‌లో (మొదటిసారి వచ్చేవాళ్లు నింపేది) సమస్య అన్న చోట "నిద్ర" అని ఒక్క ముక్క రాసి ఉంది. మాట్లాడుతుంటే మిగతావి బయటపడ్డాయి. తాళాల గుత్తి చప్పుడైతే ఒళ్లు బిగుసుకుపోతుంది, ఎవరైనా వెనకనించి వేగంగా నడిచొస్తే గోడకి ఆనుకుంటాడు, వారంలో నాలుగైదు రాత్రులు మూడింటికి మెలకువ వచ్చి ఇల్లంతా లెక్క చూసుకున్నట్టు తిరుగుతాడు (నైట్ షిఫ్ట్‌లో 15 నిమిషాలకోసారి పిల్లల్ని లెక్కపెట్టే డ్యూటీ ఉండేది). ఇంకొకటి వాళ్ల చెల్లెలు చెప్పేదాకా ఆయనకే తెలీదట, ఫోన్ మాట్లాడాక కాల్ ఎప్పుడూ ఆయన కట్ చేయడు, అవతలివాళ్లు పెట్టేదాకా అలా చెవి దగ్గర పట్టుకునే ఉంటాడు. మొదటి రోజు నేను దీన్ని నోట్స్‌లో మార్జిన్‌లో రాసుకున్నాను తప్ప పట్టించుకోలేదు. ట్రామా లక్షణాలు కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళిలో 80కి 41 వచ్చింది, 31-33 దాటితే పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య) ఉండొచ్చని చూస్తాం. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 14, అంటే మధ్యస్థాయి డిప్రెషన్. చచ్చిపోవాలన్న ఆలోచన లేదన్నాడు, ప్రతి సెషన్‌లోనూ అడిగాను.

అంతకుముందే ఇద్దరు కౌన్సెలర్ల దగ్గరికి వెళ్లి మానేశాడు. ఎందుకు మానేశారంటే చెప్పిన జవాబు ఇది: "ఇద్దరూ మంచోళ్లే మేడమ్, కానీ నేను ఏం చెప్పినా మీరు చిన్నవాళ్లు కదా, రూల్స్ మీరు పెట్టలేదు కదా, అంటారు. నేను చెప్పేది ఎవరూ చివరిదాకా విన్లేదు." ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే ఆ రోజు నా నోట్లో కూడా సరిగ్గా అదే వాక్యం రెడీగా ఉంది.

ఇక్కడ ఆ చోట్ల గురించి కొంచెం చెప్పాలి, తెలియనివాళ్లకి ఈ కేసు అర్థం కాదు. అమెరికాలో మాట వినని పిల్లలు, డ్రగ్స్ అలవాటైన పిల్లలు, డిప్రెషన్‌లో ఉన్న పిల్లలు, ఫాస్టర్ కేర్‌లో (ప్రభుత్వం వేరే కుటుంబాల దగ్గర పెట్టే ఏర్పాటు) ఎక్కడా కుదరని పిల్లలు, వీళ్లందర్నీ పెట్టే ప్రైవేట్ సెంటర్ల వ్యవస్థ ఒకటి దశాబ్దాలుగా ఉంది. దాని వేర్లు 1958లో కాలిఫోర్నియాలో డ్రగ్స్ మాన్పించడానికి మొదలైన సినానాన్ అనే సంస్థలో ఉన్నాయి. అక్కడ గుంపుగా కూర్చుని ఒక మనిషిని మాటలతో చీల్చి చెండాడటాన్ని చికిత్స అనేవారు. 1967లో వచ్చిన సీడూ లాంటి సెంటర్లు ఆ పద్ధతినే పిల్లల మీదకి తెచ్చాయి. అన్ని సెంటర్లూ ఒకటే అనను, బాగా నడిచేవాటిలో పనిచేసిన సహోద్యోగులు నాకున్నారు. కానీ 2007లో అమెరికా పార్లమెంటు తరఫున ఆడిట్ చేసే జీఏఓ సంస్థ ఇచ్చిన రిపోర్ట్‌లో, 2005 ఒక్క ఏడాదే 33 రాష్ట్రాల్లో 1,619 మంది స్టాఫ్ పిల్లల్ని హింసించిన ఘటనల్లో ఉన్నారని ఉంది. ఆ 1,619 అన్న అంకె చూసినప్పుడల్లా నాకు అందులో ఎంతమంది 22 ఏళ్లవాళ్లో అనిపిస్తుంది.

ఆర్ చేరినప్పుడు ఇచ్చిన ట్రైనింగ్ ఒక వారం. అందులో రెండు రోజులు రిస్ట్రెయింట్, అంటే పిల్లాడిని చేతులతో పట్టి ఆపడం. మిగతాది పాలసీ బైండర్ చదివి సంతకాలు పెట్టడం. నలుగురు పిల్లలకి ఒక స్టాఫ్ అని కాగితం మీద ఉండేదట, రాత్రిపూట మాత్రం హాల్ మొత్తానికి ఒక్కడే. ఎవరైనా మానేస్తే (నెలకి ఒకరిద్దరు మానేసేవాళ్లు) ఉన్నవాళ్లకి డబుల్ షిఫ్ట్. లెవెల్ సిస్టమ్ ఉండేది, కొత్తగా వచ్చిన పిల్లాడు లెవెల్ 1లో ఉంటాడు, పారిపోతాడేమోనని బూట్లు తీసేసుకుని చెప్పులిస్తారు, అడక్కుండా మాట్లాడకూడదు, ఫోన్ లేదు. లెవెల్ 2కి వస్తే వారానికి ఒక్క కాల్, పది నిమిషాలు, స్పీకర్‌లో, పక్కన స్టాఫ్ కూర్చుంటారు. మళ్లీ చిన్న తప్పు చేస్తే లెవెల్ పడిపోతుంది, ఫోన్ పోతుంది. ఆ "చిన్న తప్పు" ఏంటో నిర్ణయించేది అప్పుడు షిఫ్ట్‌లో ఉన్న మనిషి అలసట.

రిస్ట్రెయింట్ల గురించి మొదటి ఐదారు సెషన్లు మాట్లాడాం. అవి మొత్తం 17 అని ఆయన లెక్క. ఒకసారి ఒక అబ్బాయిని బోర్లా పడుకోబెట్టి పట్టుకున్నారు, అది ఎంత ప్రమాదమో ఆయనకి అప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. బోర్లా ఉన్న మనిషి వీపు మీద బరువు పడితే ఛాతీ పైకి లేవదు, ఊపిరి ఆడట్లేదని కొట్టుకుంటాడు, ఆ కొట్టుకోవడం పట్టుకున్నవాళ్లకి ఎదురుతిరగడంలా కనిపిస్తుంది, ఇంకా గట్టిగా అదుముతారు. 2020లో మిషిగన్ రాష్ట్రంలో ఒక సెంటర్లో కార్నీలియస్ ఫ్రెడరిక్ అనే 16 ఏళ్ల అబ్బాయి భోజనాల దగ్గర శాండ్‌విచ్ విసిరాడని స్టాఫ్ కింద పడేసి నిమిషాల తరబడి పట్టుకున్నారు, తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు, ముగ్గురి మీద కేసులు పెట్టారు. ఆర్‌కి నిద్ర పట్టకుండా పోయింది ఆ వీడియో వార్తల్లో వచ్చిన వారంలోనే. "పట్టుకున్నవాళ్ల మోకాళ్లు ఎక్కడున్నాయా అని చూశాను మేడమ్, మాకు నేర్పినట్టే ఉన్నాయి" అన్నాడు.

కాబట్టి నేను అనుకున్నదేంటంటే గాయం రిస్ట్రెయింట్లలో ఉంది, దాని మీదే పనిచేయాలి అని. తప్పు అనుకున్నాను. భయం అక్కడుంది, నిజమే, తాళాల చప్పుడూ గోడకి ఆనుకోవడమూ అక్కడివే, వాటికి మామూలు ట్రామా పద్ధతులు బాగానే పనిచేశాయి. కానీ మూడింటికి లేపుతున్నది వేరే.

ఏడో సెషన్‌లో ఒక అబ్బాయి గురించి చెప్తున్నాడు. 14 ఏళ్లు, కుక్క అంటే ప్రాణం, లెవెల్ 2కి వచ్చిన మొదటి వారం. వాళ్లమ్మతో కాల్. మొదటి మూడు నిమిషాలు కుక్క గురించే మాట్లాడాడు, తిన్నదా, చెవి తగ్గిందా అని. తర్వాత ఒక్కసారిగా గొంతు తగ్గించి గబగబా చెప్పడం మొదలెట్టాడు. "తర్వాత ఫోన్ కట్ అయింది" అని ఆర్ వేరే విషయంలోకి వెళ్లిపోయాడు.

మేం సగం తెలుగు సగం ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటాం. నేను ఆపి అడిగాను. "కట్ అయిందా, కట్ చేశారా?"

చాలాసేపు మాట్లాడలేదు. గోడ గడియారం వైపు చూశాడు, తన కుడిచేతి చూపుడు వేలు ఎడమచేత్తో పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు. కాల్ నడిచినంతసేపూ స్టాఫ్ వేలు ఆ బటన్ మీదే ఉండాలి, అది రూల్. పిల్లాడు ప్రోగ్రామ్ గురించి చెడ్డగా మాట్లాడినా, ఇంటికి తీసుకెళ్లమని అడిగినా అది మానిప్యులేషన్ కింద లెక్క, వెంటనే కట్ చేయాలి. ఆ అబ్బాయి "అమ్మా నన్ను తీసుకెళ్లిపో, ఇంకేం చేయను, తీసుకెళ్లిపో, ఇంట్లోకి రానివ్వకపోయినా పర్లేదు గరాజ్‌లో పడుకుంటా" అన్నాడు. గరాజ్ అన్న మాట మీద నొక్కేశాడు. లాగ్‌లో ఏం రాశాడో కూడా గుర్తుంది: నెగటివ్ కంటెంట్ వల్ల కాల్ త్వరగా ముగిసింది. షిఫ్ట్ లీడ్ తల్లికి తిరిగి ఫోన్ చేసి లైన్ ప్రాబ్లమ్ అని చెప్పాడు. అబ్బాయి ఏడవలేదట. రిసీవర్ వైపు చూస్తూ కూర్చుని, బూట్లు లేని కాళ్లు కుర్చీ కిందకి లాక్కున్నాడట.

ఆ సెంటర్ల కాగితాలన్నిటిలోనూ భాష ఇలాగే ఉంటుంది, కాల్ ముగిసింది, క్లయింట్ తరలించబడ్డాడు, చేతులు ఉపయోగించబడ్డాయి. చేసిన మనిషి వాక్యంలోనే ఉండడు. మనం ఇంట్లో గ్లాసు పగిలింది అన్నంత తేలిగ్గా. ఆర్ ఆరేళ్లుగా తన తలలో కూడా ఆ లాగ్ భాషలోనే గుర్తుపెట్టుకున్నాడు, అందుకే ముందు కౌన్సెలర్లు "మీ తప్పు కాదు" అన్నప్పుడు ఆయనకి ఊరట రాలేదు. నేను చేశాను అని ఒక్కసారైనా చెప్పనిదే ఆ ఓదార్పు ఎవరికి అందుతుంది?

దీన్ని మోరల్ ఇంజురీ అంటారు. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్లకి వైద్యం చేసిన సైకియాట్రిస్ట్ జొనాథన్ షే ఈ మాటని వాడుకలోకి తెచ్చాడు, 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన సహచరులు దాన్ని ఇంకా విడమరిచారు: తన నమ్మకాలకి విరుద్ధమైనది తాను చేయడం, ఆపలేకపోవడం, కళ్లారా చూడటం, వీటివల్ల అయ్యే గాయం. మానసిక రోగాల జాబితా పుస్తకం డీఎస్‌ఎంలో ఇది రోగం పేరు కాదు. నా అభిప్రాయం ఏంటంటే ఇలాంటి సెంటర్లలో పనిచేసినవాళ్లలో మనం బర్నౌట్ (పని ఒత్తిడితో అలిసిపోవడం) అని రాసి పంపించేస్తున్న వాటిలో చాలా భాగం ఇదే. బర్నౌట్‌కి సెలవు కొంత సాయపడొచ్చు. దీనికి సరిపోదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పకపోతే ఈ రాత అబద్ధం అవుతుంది. లైసెన్స్‌కి ముందు నేను కూడా ఒక ఏడాది అలాంటి ఒక సెంటర్లో థెరపిస్ట్‌గా చేశాను, ఆర్ చేసింది కాదు, వేరేది. నేను ఎవర్నీ పట్టుకోలేదు, బటన్ నొక్కలేదు. కానీ కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులకి వెళ్లే లెటర్ కింద సంతకం నాది. "మొదటి నెల మీ బిడ్డ ఇంటికి రావడానికి ఏమైనా చెప్తారు, ఏడుస్తారు, మమ్మల్ని నిందిస్తారు, లొంగకండి, ఇది చికిత్సలో భాగం" అని అందులో ఉండేది. ఎన్ని లెటర్లో నేను లెక్కపెట్టలేదు, ఆర్ తన 17ని లెక్కపెట్టుకున్నాడు. ఆయన నొక్కిన బటన్ వెనక అలాంటి లెటర్ రాసినవాళ్లు ఉంటారు, డిగ్రీలు ఉన్నవాళ్లు, గంటకి ఆయన కంటే రెండు మూడింతలు తీసుకునేవాళ్లు. ఏడో సెషన్ తర్వాత నా కన్సల్టేషన్ సూపర్‌వైజర్‌తో మాట్లాడి, నేను ఈ కేసు కొనసాగించాలా వద్దా అని చర్చించి, ఎనిమిదో సెషన్‌లో ఆర్‌కి ఈ విషయం క్లుప్తంగా చెప్పి, వేరే థెరపిస్ట్ కావాలంటే చూస్తానన్నాను. కాసేపు ఆలోచించి "అయితే మీకు ఆ లెటర్ తెలుసు" అన్నాడు. ఉంటానన్నాడు.

తొమ్మిదో సెషన్‌లో నేను చేసింది ఫెయిలయింది, అది చెప్పడం ముఖ్యం. సైనికుల కోసం తయారైన అడాప్టివ్ డిస్క్లోజర్ అనే పద్ధతిలో, హాని జరిగిన మనిషి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని మాట్లాడిస్తాం. ఖాళీ కుర్చీలో ఆ అబ్బాయిని ఊహించుకుని ఆర్ మాట్లాడాడు, బాగా ఏడ్చాడు, ఆ అబ్బాయి తరఫున జవాబు కూడా తనే చెప్పాడు. రెండ్రోజులు హాయిగా నిద్రపోయాడు. మూడో రోజు నించి ముందుకంటే ఘోరం. "క్షమాపణ అడిగిందీ నేనే, ఇచ్చుకుందీ నేనే మేడమ్, ఇంకోసారి వాడి నోరు నేనే నొక్కేసినట్టుంది" అన్నాడు. పద్ధతి తప్పని నేను అనను, చనిపోయినవాళ్ల విషయంలో వేరే దారి ఉండదు. కానీ ఆ అబ్బాయి బతికే ఉన్నాడు, 20 ఏళ్లు.

తర్వాత బాధ్యతని ముక్కలు చేసే ఎక్సర్‌సైజ్ చేశాం, వృత్తం గీసి ఎవరి వాటా ఎంతో రాయడం. మామూలుగా దీన్ని క్లయింట్ వాటా తగ్గించడానికే వాడతాం. ఆయన మొదట తనకి 90 వేసుకున్నాడు. షిఫ్ట్ లీడ్, క్లినికల్ డైరెక్టర్, ఓనర్లు, లెటర్ రాసిన థెరపిస్ట్, తనిఖీకి వచ్చి బైండర్ చూసి వెళ్లిపోయిన లైసెన్సింగ్ అధికారి, అందరూ ఒక్కొక్కరే వృత్తంలోకి వచ్చారు. చివరికి తన వాటా 30 దగ్గర ఆగింది. ఇంకా తగ్గుతుందా అని నేను అడగలేదు. ఆ వేలు ఆయనదే, ఆ 30ని సున్నా చేసే హక్కు నాకు లేదు. ఆశ్చర్యం ఏంటంటే 90 ఉన్నప్పటి కంటే 30 దగ్గర ఆయన మొహం గంభీరంగా ఉంది, 90 అంటే బాధ, 30 అంటే లెక్క, లెక్క అన్నాక తీర్చాలి.

పదకొండో సెషన్‌కి వచ్చి ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. అసలు నా దగ్గరికి రావడానికి కారణం ఇదేనట, ఇంటేక్‌లో దాచాడు. నాలుగు నెలల క్రితం ఆ అబ్బాయి నించి వచ్చిన మెసేజ్. జవాబు ఇవ్వలేదు, డిలీట్ చేయలేదు. దాని సారాంశం, అతని అనుమతి మాకు తర్వాత వచ్చింది కాబట్టి రాస్తున్నాను: ఆ ఫోన్ పక్కన కూర్చున్నది నువ్వే కదా, నేను మా అమ్మని తీసుకెళ్లమని అడిగానా లేదా, అడిగానని నాకు గుర్తు, అమ్మేమో నువ్వు ఎప్పుడూ అడగలేదు బాగానే ఉన్నావు అంటుంది, నాకే మతి పోయిందేమో అనిపిస్తోంది.

నేను ఈ కేసులో నేర్చుకున్నదంతా ఆ మెసేజ్‌లోనే ఉంది. ఆర్ ఆరేళ్లుగా ఆ జ్ఞాపకాన్ని తన జబ్బు అనుకున్నాడు, నేను కూడా దాన్ని తగ్గించాల్సిన లక్షణంగా చూశాను. కానీ ఆ జ్ఞాపకం ఆర్‌ది కాదు. అది ఆ అబ్బాయిది, ఆర్ దగ్గర ఉండిపోయింది. లాగ్‌లో లేదు, తల్లికి లైన్ ప్రాబ్లమ్ అని చెప్పారు, ఫైల్‌లో ఉన్నది పిల్లాడు మానిప్యులేటివ్ అన్న మాట. గరాజ్‌లో పడుకుంటానన్న మాట విన్నానని చెప్పగల ఇంకో మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, ఆయన నా సోఫాలో కూర్చుని నిద్రమాత్ర అడుగుతున్నాడు.

జవాబు రాయడానికి మూడు సెషన్లు పట్టింది. దానికంటే ముందు ఒక లాయర్‌తో మాట్లాడమన్నాను, ఇందులో చట్టపరమైన చిక్కులు ఉండొచ్చు, అది నేను సలహా ఇచ్చే విషయం కాదు. లాయర్ జాగ్రత్తలు చెప్పాడు, అవి విని కూడా ఆర్ రాస్తానన్నాడు. మొదటి డ్రాఫ్ట్ మూడు పేజీలు, నిండా సారీలు, తన నిద్ర గురించి, తన వయసు గురించి, డబుల్ షిఫ్టుల గురించి. చదివాక నేను ఒక్కటే అడిగాను, అతను అడిగినదానికి జవాబు ఏ పేజీలో ఉంది అని. రెండో పేజీ మధ్యలో ఉంది. మనం క్షమాపణ చెప్తున్నామనుకుంటూ చాలాసార్లు అవతలి మనిషికి మన బరువే ఎత్తుతాం, ఆ అబ్బాయి చదివి ఇప్పుడు ఆర్‌ని ఓదార్చాల్సి వచ్చేది. చివరికి పంపింది ఇంత:

"అవును, నేనే. నువ్వు అడిగావు. రెండుసార్లు అడిగావు. గరాజ్‌లో పడుకుంటానన్నావు. అప్పుడు కాల్ కట్ చేసింది నేను, లైన్ పోలేదు. నేను చేసింది తప్పు. ఈ మాట మీ అమ్మకి చెప్పమన్నా, ఇంకెవరి ముందైనా చెప్పమన్నా చెప్తాను. నాకు జవాబు ఇవ్వక్కర్లేదు."

పంపాక మూడు వారాలు ఏమీ రాలేదు. ఆ మూడు వారాల్లో సెషన్లు కష్టంగా నడిచాయి, జవాబు రాకపోవడం కూడా ఒక జవాబేనని, అది కోపం అయినా అతని హక్కేనని మాట్లాడుకున్నాం. తర్వాత వచ్చింది, రెండు వాక్యాలు. అమ్మకి చూపించాను. కుక్క పేరు కూడా గుర్తుందా?

గుర్తుంది. రాశాడు.

క్షమించాను అని ఆ అబ్బాయి ఎక్కడా అనలేదు, ఆర్ అడగనూ లేదు. తర్వాత ఆర్ రాష్ట్ర లైసెన్సింగ్ ఆఫీసుకి తనకి తెలిసింది మొత్తం, తేదీలు గుర్తున్నంతవరకు, ప్రతి వాక్యంలో "నేను" పెట్టి రాసి పంపాడు. ఆ సెంటర్ అప్పటికే మూతపడింది, ఫైల్‌లో చేర్చుకున్నామని ఒక లెటర్ వచ్చింది అంతే. చట్టాలు కొంచెం కదిలాయి కూడా. ఇలాంటి సెంటర్లు చాలా ఉన్న యూటా రాష్ట్రంలో 2021లో చేసిన చట్టం, పిల్లలు వారానికోసారి ఇంట్లోవాళ్లతో ఎవరూ వినకుండా మాట్లాడే వీలు ఉండాలంది. ఒక సెషన్‌లో ఆర్ ఆ లైన్ గట్టిగా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. 2024 డిసెంబర్‌లో దేశం మొత్తానికి వర్తించే స్టాప్ ఇన్‌స్టిట్యూషనల్ చైల్డ్ అబ్యూజ్ యాక్ట్ మీద అధ్యక్షుడి సంతకం పడింది, అయితే అది ముఖ్యంగా అధ్యయనం చేయించే చట్టం, రేపటికల్లా ఫోన్ పక్కన కుర్చీ ఖాళీ చేయించేది కాదు.

తోటి ప్రాక్టీషనర్లకి ఒక్క మాట. ఇలాంటి చోట పనిచేసి వచ్చినవాళ్లు మీ దగ్గరికి వస్తే దయచేసి మొదటి పది నిమిషాల్లో నిర్దోషి అని తీర్పు ఇచ్చేయకండి, దోషి అని కూడా. ఏం చూశారు, ఏం చేశారు, ఆ పిల్లాడి కాళ్లకి ఏమున్నాయి, ఎవరు ఏ మాట అన్నారు, అన్నీ అడగండి. వివరం పోగొట్టేలా ఓదార్చకండి, ఆ వివరం కోసం ఎక్కడో ఒక పెద్దయిన పిల్లాడు వెతుకుతూ ఉండొచ్చు.

మొత్తం 22 సెషన్లు. ఆఖర్న పీసీఎల్-5 18, పీహెచ్‌క్యూ-9 6. తాళాల చప్పుడుకి ఇంకా తల తిప్పుతాడు కానీ ఒళ్లు బిగుసుకోదు. మూడింటికి మెలకువ నెలకి ఒకటి రెండుసార్లు వస్తుంది, లేచి తిరగడు. నేను ఆ పాత సెంటర్‌కి నా లెటర్ల కాపీలు ఇవ్వమని రాశాను, ఇంకా ఏమీ రాలేదు, మళ్లీ రాశాను. ఆరు నెలల ఫాలో అప్‌కి ఆర్ ఫోన్‌లోనే మాట్లాడాడు, బాగానే ఉన్నానన్నాడు, మాటలయ్యాక ఉంటానన్నాను, సరే మేడమ్ అన్నాడు, కానీ కాల్ కట్ చేయలేదు. ఇప్పటికీ అవతలివాళ్లు పెట్టేదాకా ఆగుతాడు. దాన్ని మార్చాల్సిన లక్షణంగా నేను ఎక్కడా రాయలేదు. ఆ రోజు ఫోన్ నేనే పెట్టాను.